నాన్న చొక్కాలో రష్యా

అనురాధ తన భర్త చొక్కాకు కత్తెర పెట్టిన రోజు తిథి మంచిదే. క్యాలెండర్లో వర్జ్యం కూడా చూసుకునే పెట్టింది. కొత్తబట్ట కుట్టే ముందే కాదు, పాతబట్ట చింపే ముందు కూడా అలా చూసుకోవడం ఆమెకు అలవాటు. నరసరావుపేటలో పుట్టి, ఇల్లినాయ్‌లోని అరోరాలో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. కాబట్టి తరవాత జరిగిన గొడవకు గ్రహాలను ఒక్క మాట అనడానికి లేదు.

ఆ రోజుల్లో ఆమె దేవుడికి చెప్పుకునే కోరిక కూడా ఒక్కటే. భర్త దివాకర్ పనిచేసే కంపెనీ వాళ్ళు ఎండాకాలం వచ్చేసరికి అరిజోనాలోని చాండ్లర్‌కు మారిపొమ్మన్నారు. అనురాధకు చాండ్లర్ మీద కోపమేమీ లేదు. కానీ ఇక్కడ కారెక్కితే పది నిమిషాల్లో గుడి. చలికాలమంతా ఇంట్లో దాచి, మంచు కరిగాక బయటపెట్టి, పసిబిడ్డలా సాకిన కరివేపాకు మొక్క. పక్కవాటాలో తమారా గారు. వీటన్నిటినీ వదిలిపెట్టి ఎలా వెళ్ళడం? అందుకని దివాకర్ ఇక్కడే వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. పక్కనే నేపర్‌విల్‌లో ఒక కంపెనీ వాళ్ళు శుక్రవారం సాయంత్రం వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. అది కుదిరితే ఉంటారు, కుదరకపోతే సామాను కట్టుకుంటారు.

అదే శుక్రవారం సాయంత్రం కూతురు మైత్రి స్కూల్లో ఒక వేడుక ఉంది. మైత్రి నాలుగో క్లాసు. పిల్లలు తలా ఒక దేశపు పిల్లల బట్టలు వేసుకుని జిమ్‌లో నడవాలి, ఆ బట్టల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. పండగబట్టలు కుదరవు, రోజూ వేసుకునేవే కావాలన్నారు. దేశాలను చీటీలేసి పంచితే మైత్రికి రష్యా వచ్చింది. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ తీసుకురావచ్చన్నారు కనుక, ఆరేళ్ళ ధృవ్ కూడా రష్యావాడైపోయాడు.

రోజూ వేసుకునే బట్టలు అన్న మాట అనురాధకు మింగుడు పడలేదు. పిల్లను పదిమందిలో నడిపిస్తూ జరీ లేకుండా ఎలా? అరలోంచి పాత పట్టుచీర ఒకటి తీసి, అంచు విప్పి, ఎర్రగౌనుకు అతికిద్దామని టేబుల్ మీద పరిచింది.

"అమ్మా, టీచర్ ఎవ్రీడే క్లోత్స్ అంది," అంది మైత్రి.

"రష్యాలో రోజూ ఇలాగే వేసుకుంటారేమో, నీకేం తెలుసు?"

"నీకేం తెలుసు?"

ఇద్దరికీ తెలియదని తేలాక, తెలిసినావిడను పిలుచుకొచ్చారు. తమారా గారిది ఉరల్ కొండల దగ్గర పెర్మ్ అనే ఊరు. పళ్ళ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరైనా నవ్వితే ముందు పళ్ళవరస చూస్తారు. అనురాధ అన్న పేరు పొడుగైందని ఆవిడ మొదటిరోజే దాన్ని 'అన్యా' చేసేశారు. ఇద్దరిదీ చెరో రకం ఇంగ్లీషు. అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాని రోజు లేదు.

తమారా గారు జరీ అంచును రెండువేళ్ళతో ఎత్తి చూశారు. "అన్యా, ఇది వేసుకుని మా పిల్లలు బాతుల్ని కాసేవాళ్ళా?"

"మరేం వేసుకునేవాళ్ళు?"

"మా అమ్మమ్మ చిన్నప్పుడు పల్లెలో పిల్లలకు ఒకటే బట్ట. మోకాళ్ళ కిందికి దిగే నారచొక్కా. ఆడపిల్లకూ అదే, మగపిల్లాడికీ అదే. అందులోనే ఆడుకోవాలి, అందులోనే పడుకోవాలి."

"మరి ప్యాంటు?"

"ప్యాంటు ఊరికే ఇస్తారా? గుర్రమెక్కడం రావాలి, పొలంలో పనికి అక్కరకు రావాలి. ఆరేళ్ళకో ఏడేళ్ళకో ఇస్తారు. అంతదాకా గాలే ప్యాంటు."

టేబుల్ కింద బొమ్మలారీ నడుపుకుంటున్న ధృవ్ తల బయటపెట్టాడు. అంతకుముందే వాడు చొక్కా మాట విని, అది గర్ల్స్ డ్రెస్ అనీ, తను చచ్చినా వేసుకోననీ చెప్పి ఉన్నాడు. ఇప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది.

"లెవెల్ సెవెన్‌లో ప్యాంట్ అన్‌లాక్ అవుతుందా?"

"అవును," అన్నారు తమారా గారు గంభీరంగా. "నీది ఇంకా కాలేదు."

"అమ్మా, నేను ప్యాంట్ వేసుకోను. రష్యాలో నో ప్యాంట్స్." అని చెప్పడమే కాదు, అప్పటికప్పుడు ఉన్నది విప్పేసి ఇల్లంతా ఒక చుట్టు పరుగెత్తాడు. వాణ్ణి పట్టుకుని లోపల నిక్కరు ఉండాల్సిందేనని ఒప్పించడానికి ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి పనిచేయాల్సి వచ్చింది.

పరుగులో వాడి టీషర్టు పైకిలేస్తే నడుముకున్న నల్లటి మొలతాడు కనబడింది. తమారా గారు కళ్ళద్దాలు సర్దుకుని వంగారు. "ఇదేమిటి?"

"మొలతాడు. చిన్నప్పుడే కడతాం. దిష్టి తగలకుండా, గాలీ ధూళీ సోకకుండా."

"మా వాళ్ళూ కట్టేవాళ్ళు," అన్నారావిడ, నెమ్మదిగా కుర్చీలో కూర్చుంటూ. "చొక్కా మీద నడుముకి. అది లేకుండా పిల్లాణ్ణి గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. కొందరైతే స్నానానికి వెళ్ళినా విప్పేవాళ్ళు కాదట. మా అమ్మమ్మ చెప్పేది."

"మేమూ విప్పం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకు నవ్వుతున్నారో ఇద్దరికీ తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. మంచుదేశంలోని తల్లికీ ఎండదేశంలోని తల్లికీ ఈ మాట ఎవరు చెప్పి ఉంటారు? ఎవరూ చెప్పలేదా? చుట్టూ ఒక దారం కడితే బిడ్డ ఎటూ జారిపోడని తల్లులందరికీ వాళ్ళంతట వాళ్ళకే తోస్తుందా? అనురాధకు అంతుపట్టలేదు. అంతుపట్టనివి దేవుడి గదిలో ఒక మూలన పెట్టి తన పని తాను చేసుకోవడం ఆమె పద్ధతి.

మైత్రి సంగతి తేలిగ్గా తేలింది. తమారా గారి చిన్నప్పటి బడిబట్టలే ఆమెకు. గోధుమరంగు ఉన్నిగౌను, దానిమీద రోజూ నల్ల ఏప్రన్, పండగనాడైతే తెల్లది. తెల్లకాలరు విడిగా ఉంటుంది. వారం వారం ఊడదీసి, ఉతికి, మళ్ళీ కుట్టుకోవాలి. జడకు గాలిపటమంత రిబ్బను.

"చలికాలం మరీ బాగుండేది," అని తమారా గారు మైత్రికి చెప్పుకొచ్చారు. "మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా లోపల మేజోళ్ళు, వాటిమీద ఇంకో వరస, ఆపైన బొచ్చుకోటు. కోటు మీద బెల్టు. ముఖం చుట్టూ శాలువా తిప్పి వెనకాల ముడి. చేతితొడుగులు పారేసుకోకుండా రెంటినీ ఎలాస్టిక్‌తో కలిపి కోటు చేతుల్లోంచి దూర్చేవాళ్ళు. అంత చుట్టబెట్టాక మంచులో పడ్డామా, ఇక లేవలేం. ఎవరో ఒకరు వచ్చి నిలబెట్టేదాకా ఆకాశం చూస్తూ పడుకునేవాళ్ళం."

"దట్స్ సో సాడ్," అంది మైత్రి.

"సాడ్ ఎందుకు? మబ్బులన్నీ నాకు అప్పుడే తెలిశాయి."

ఇక ధృవ్ చొక్కా. అనురాధ కొత్త నారబట్ట కొంటానంటే తమారా గారు తల అడ్డంగా ఊపారు. "కొత్తది కాదు. మా ఊళ్ళల్లో బిడ్డ మొదటి చొక్కా తండ్రి చొక్కాతోనే కుట్టేవాళ్ళు. బాగా తొడిగినది, ఒంటికి అలవాటైనది. తండ్రి బలం అందులోంచి బిడ్డకు దిగుతుందని."

అనురాధకు ప్రాణం లేచొచ్చింది. "మా ఇళ్ళల్లోనూ బారసాల అయ్యేదాకా కొత్తబట్ట తొడగరండీ. తాతగారి పాత పంచె మెత్తగా ఉంటుందని చింపి, అందులోనే చుడతారు."

ఇంకేముంది? అలమర కిందిసొరుగులో స్వెటర్ల అడుగున ఒక తెల్లచొక్కా దొరికింది. సన్నటి నీలిచారలు. కాలరు అరిగి పీచులేచింది, మణికట్టు దగ్గర దారాలు వేలాడుతున్నాయి. దివాకర్ అది వేసుకోగా ఆమె ఈమధ్య చూడలేదు. ఎవరికైనా ఇవ్వడానికి తీసిపెట్టి మరిచిపోయి ఉంటాడనుకుంది. వర్జ్యం వెళ్ళాక కత్తెర పెట్టింది. వీపు భాగం గట్టిగానే ఉంది. అందులోంచి ధృవ్‌కు మోకాళ్ళ దాకా చొక్కా చక్కగా వచ్చింది. తమారా గారు మెడచుట్టూ, చేతుల చివర, కింది అంచునా ఎర్రదారంతో గొలుసుకుట్టు వేశారు. అల్లిన ఎర్రతాడు ఒకటి నడుముకి. చివర్న అనురాధ అంచు మూల చిటికెడు పసుపు అద్దింది.

"అయ్యో, మరకైంది అన్యా."

"మరక కాదండీ. మేం కొత్తబట్టకు పెడతాం. మంచి జరగాలని."

తమారా గారు ఆ పసుపునూ తన ఎర్రకుట్టునూ మార్చి మార్చి చూశారు. "నేను కుట్టిందీ దానికే. బట్ట ఎక్కడ అయిపోతుందో అక్కడినుంచే చెడు దూరుతుందట. రెండు తాళాలు పడ్డాయి, మంచిదే."

శుక్రవారం రానే వచ్చింది. ఇంటర్వ్యూకు ఇంకా కాస్త టైముంది. పడగ్గదిలోంచి సొరుగులు లాగుతున్న చప్పుడు. ఒకటి, ఇంకొకటి, మళ్ళీ మొదటిది.

"అనూ, ఇక్కడో చొక్కా ఉండాలి. వైట్. బ్లూ లైన్స్."

అనురాధ గుమ్మంలో నిలబడింది. "ఏదీ, ఆ కాలరు చిరిగినదా?"

"చిరగలేదు. కొంచెం అరిగింది."

"డొనేషన్‌కి పెట్టారేమో అనుకున్నానండీ."

"డొనేషన్‌కి పెట్టేది ఎవరైనా స్వెటర్ల కింద దాస్తారా?"

ఆమె జవాబు చెప్పే పని లేకపోయింది. ధృవ్ ఎర్రతాడు ఎగరేసుకుంటూ, గుర్రమెక్కినట్టు సకిలిస్తూ ఇద్దరి మధ్యనుంచి దూసుకుపోయాడు. దివాకర్ చూపు ఆ నీలిచారల వెంట హాలు చివరిదాకా వెళ్ళింది. తరవాత మంచం మీద కూర్చున్నాడు.

"ఇంకో చొక్కా వేసుకోండి. బ్లూది ఇస్త్రీ చేసే ఉంది."

"క్యాంపస్ ఇంటర్వ్యూకి అదే వేసుకున్నా," అన్నాడు దివాకర్ నేలచూపులు చూస్తూ. "వీసా స్టాంపింగ్‌కీ అదే. ఈ జాబ్‌కీ అదే."

అనురాధకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "మీరు ఇలాంటివి నమ్ముతారా?"

"నమ్మను."

"మరి?"

"వేసుకుంటాను. అంతే."

"నేను మీ కొత్త టీషర్టుకి పసుపు పెట్టానని ఆఫీసంతా చెప్పి నవ్వారు కదా."

"అది వేరు."

"ఎలా వేరు?"

"నీది సెంటిమెంటు. నాది డేటా. ఆ చొక్కా వేసుకున్న ఏ పనీ ఫెయిల్ కాలేదు." మళ్ళీ తనే అన్నాడు, "పెళ్ళిచూపులకి కూడా అదే వేసుకొచ్చాను."

అనురాధ గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. "నేను తల వంచుకుని కూర్చున్నానుగా, నాకు మీ సాక్సులే కనబడ్డాయి. ఒకదానికి చిల్లుంది."

నవ్వాల్సిన మాటే, కానీ ఆమెకు నవ్వు రాలేదు. నమ్మనివాడు ఆయన. నమ్మేది తను. గుడ్డలోంచి బలం దిగుతుందని తలూపి మరీ కత్తెర పట్టింది తను. ఆ మాట నిజమైతే, ఇక్కడ ఉండిపోయే దారిని తన చేత్తో తనే కత్తిరించినట్టు. అబద్ధమైతే పిల్లాడి చొక్కాకు అంత వెతుకులాట ఎందుకు? ఒకే గుడ్డను పిల్లాడి విషయంలో నమ్మి, మొగుడి విషయంలో నమ్మకుండా ఉండటం కుదురుతుందా?

సరిగ్గా అప్పుడే తమారా గారు మైత్రి ఏప్రన్ పట్టుకొచ్చారు. సంగతంతా విని, పన్ను పీకాలో వద్దో తేల్చే డాక్టరులా కాసేపు ఆలోచించారు.

"బలం ఎక్కడికీ పోలేదు. పిల్లాడి ఒంటిమీద ఉంది."

"నాకు ఇప్పుడు కావాలి తమారా," అన్నాడు దివాకర్. తను ఏ మాటంటున్నాడో తనకే తెలిసి సిగ్గుపడ్డాడు.

"లైక్ వైఫై," అంది మైత్రి, రిబ్బను కట్టించుకుంటూ. "రేంజ్‌లో ఉంటే చాలు కదా డాడీ."

అలా ధృవ్ ఇంటర్వ్యూ టేబుల్ కిందికి చేరాడు. నీలిచొక్కా వేసుకుని దివాకర్ పైన, తెల్లచొక్కాతో వాడు కింద. కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి. వాడు ఊరికే ఒప్పుకోలేదు. ఒక గిన్నె నిండా జంతికలు అడిగాడు. కంగారులో అనురాధ ఇచ్చేసింది.

వంటింట్లో ముగ్గురూ తలుపుకు చెవులు ఆనించి నిలబడ్డారు. కంప్యూటర్లోంచి మేనేజరు గొంతు వినబడింది, పెద్దావిడ గొంతు. దివాకర్ తనను పరిచయం చేసుకుంటున్నాడు. మధ్యలో కరకరమని చప్పుడు.

"మీ లైన్లో ఏదో శబ్దం వస్తోంది," అంది మేనేజరు.

"సారీ, బయట ఏదో పని జరుగుతోంది," అన్నాడు దివాకర్. కర్ర్ అని ఇంకొకటి.

అనురాధ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళింది. కెమెరాకు అందకుండా టేబుల్ కింద చెయ్యి దూర్చి, జంతికల గిన్నె లాక్కుని అరటిపండు పెట్టింది. వెనక్కి పాకుతుంటే తమారా గారు నవ్వు ఆపుకోలేక ఏప్రన్ నోట్లో కుక్కుకున్నారు. మైత్రి అసలు నేలమీదే పడుకుంది.

కొంతసేపు బాగానే నడిచింది. ఆ తరవాత మేనేజరు ఒక ప్రశ్న వేసింది. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పాత సిస్టమ్ మీ చేతికిస్తే, అందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎలా తేలుస్తారు?

దివాకర్ మాట్లాడలేదు. మామూలు రోజైతే ఇలాంటి ప్రశ్నకు నిద్రలో కూడా జవాబు చెప్పగలడు. అనురాధ కళ్ళు మూసుకుని గోవింద నామాలు అందుకుంది. ఆ నిశ్శబ్దంలో కుర్చీ కిర్రుమంది, తరవాత చిన్నగొంతు ఒకటి లేచింది.

"డాడీ, యు ఆర్ సిట్టింగ్ ఆన్ మై బెల్ట్."

తాడు చివర కుర్చీ చక్రంలో చిక్కుకుంది. లాగుతూ లాగుతూ ధృవ్ పైకి లేచాడు. నీలిచారల చొక్కా, ఎర్రకుట్లు, బుగ్గమీద అరటిపండు, అన్నీ కెమెరాలో పడ్డాయి. అనురాధ నామాలు మధ్యలో ఆగిపోయాయి.

"హలో," అంది మేనేజరు. "నువ్వెవరు?"

"నేను ఓల్డ్ రష్యా కిడ్‌ని. నాకు ప్యాంట్ లేదు. ఇంకా అన్‌లాక్ కాలేదు."

అవతల పెద్ద నవ్వు వినబడింది, ఊపిరందని నవ్వు. "నిజంగా లేదా?"

"షార్ట్స్ ఉన్నాయి. మా అమ్మ రూల్."

దివాకర్ క్షమాపణ చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. ఆ చొక్కా కథేమిటో చెప్పమంది. ఇక పోయేదేముందనుకున్నాడో ఏమో, దివాకర్ అంతా చెప్పేశాడు. అది తన చొక్కా అనీ, ప్రతి ఇంటర్వ్యూకూ అదే వేసుకుంటాననీ, రష్యా పల్లెల్లో తండ్రి చొక్కాతో బిడ్డకు కుట్టేవాళ్ళని విని తన భార్య దానికి కత్తెర పెట్టిందనీ.

"నాకు చెప్పకుండా కోసిందని కోపమొచ్చింది," అంటున్నాడు. వంటింట్లో అనురాధ చెవులు రిక్కించింది. "కానీ ఇప్పుడు వీణ్ణి దగ్గరగా చూస్తుంటే తెలుస్తోంది. కాలరు ఆమె వాడలేదు, అది అరిగిపోయింది. చేతుల చివర వాడలేదు, అక్కడా దారాలు ఊడాయి. రోజూ రాపిడి తగలని వీపు మాత్రం గట్టిగా ఉంది, దాన్ని ఉంచింది. ఎక్కడ చిరుగుతుందో అక్కడ మా పక్కింటావిడ రెండోకుట్టు వేసింది. పాత సిస్టమ్ నాకిచ్చినా నేను చేసేది అదే. ముందు ఎక్కడ రాపిడి తగిలిందో చూస్తాను, దాన్ని తీసేస్తాను. గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోను. కొత్తగా వేసుకునేవాడి కొలతలు తీసుకుంటాను. మా ఆవిడ ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో చేసింది. నాకైతే ఆరునెలలు పడుతుంది."

మేనేజరు మళ్ళీ నవ్వింది. ఈసారి ధృవ్‌ను చూసి కాదు.

స్కూల్ జిమ్‌కు ఆలస్యంగానే చేరుకున్నారు. జపాన్, పెరూ, కెన్యా అప్పటికే నడిచేశాయి. మైత్రి మైకు పట్టుకుని, కాలరు వారం వారం ఎందుకు ఊడదీసేవాళ్ళో, మంచులో పడిన పిల్లలు ఆకాశం ఎందుకు చూసేవాళ్ళో తడుముకోకుండా చెప్పింది. ధృవ్ మాత్రం చెప్పాల్సినవన్నీ మరిచిపోయి, మైకులో సకిలించి, వేదిక మీద రెండు చుట్లు పరుగెత్తాడు. చివరికి తమారా గారు వెళ్ళి ఎర్రతాడు పట్టుకుని దింపాల్సి వచ్చింది. ఆవిడకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి.

మంగళవారం మధ్యాహ్నం నేపర్‌విల్ కంపెనీనుంచి ఫోనొచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. పని ఇక్కడే, చాండ్లర్ ఊసు లేదు. దివాకర్ ఫోను పెట్టేసి, వంటింట్లోకి వచ్చి, చేతిలో గరిటె ఉందని కూడా చూడకుండా అనురాధను ఎత్తి తిప్పాడు. గోడమీద పప్పుచారు చుక్కలు పడ్డాయి. తుడవాలని ఎవరికీ తోచలేదు.

సాయంత్రం గుడికి బయలుదేరేటప్పుడు అనురాధకు ఒక చిక్కొచ్చిపడింది. ఎవరికని దణ్ణం పెట్టడం? ఇన్నాళ్ళూ మొక్కుకున్న స్వామికా? చొక్కాకా? ఆ మాట చెప్పిన తమారా గారి అమ్మమ్మకా? తాడు చిక్కించుకున్న ధృవ్‌కా? లేక ఇవేవీ కాదు, ఆయన చదువూ ఆయన తెలివేనా? దారిపొడుగునా ఆలోచించినా తేలలేదు. అందరి పేరా అర్చన చేయించి, తేల్చుకునే పని స్వామికే వదిలేద్దామని అనుకుంది. తమారా గారిని కూడా కారెక్కించుకుంది.

పూజారి గారు గోత్రం అడిగారు. అనురాధ తమది చెప్పింది. భర్త పేరు, పిల్లల పేర్లు చెప్పింది. తరవాత పక్కన తలమీద శాలువా కప్పుకుని, చేతులు జోడించి నిలబడ్డావిడను చూపించింది.

"ఈవిడ తమారా గారండీ. ఈవిడ పేరు కూడా చదవాలి."

"గోత్రం?"

అనురాధ తమారా గారి వైపు చూసింది. తమారా గారు, ఏదో ఊరు అడుగుతున్నారనుకుని, చిరునవ్వుతో చెప్పారు. "పెర్మ్."

పూజారి గారు తలెత్తి చూశారు. వెనక వరస పెద్దదిగా ఉంది. ఆయన తడుముకోలేదు, గొంతు సవరించుకుని పళ్ళెంలో పువ్వులు అందుకున్నారు.

"పెర్మ్ గోత్రోద్భవాయాః, తమారా నామధేయవత్యాః..."